గోడ బయటి కాన్వెంటు

విజయనగరంలో కోట చుట్టుపక్కల ఏ సందులోకి వెళ్లినా, శ్రీకాకుళంలో ఏ పాత వీధిలో తిరిగినా ఒక ‘కాన్వెంటు’ తగులుతుంది. రెండంతస్తుల ఇల్లు, పైన రేకుల షెడ్డు, గేటు ముందు సంచులు వేలాడుతున్న ఆటో, లోపలి నుంచి ఎక్కాలు వల్లె వేస్తున్న గొంతులు. బోర్డు మీద సరస్వతి బొమ్మో వివేకానందుడి బొమ్మో ఉంటుంది. అక్కడ మఠమూ లేదు, మఠవాసినీ లేదు. యజమాని నిన్నమొన్నటి దాకా ట్యూషన్లు చెప్పుకున్న మాస్టారు. అయినా ఊరంతా దాన్ని కాన్వెంటనే అంటుంది. పిల్లవాణ్ణి కాన్వెంటులో వేశామని తల్లిదండ్రులు కాస్త గర్వంగానే చెప్పుకుంటారు.

కన్యస్త్రీలు కలిసి ఉండే ఇంటికి పేరైన మాట, ఆ ఇంటి పక్కన వారు నడిపిన బడి మీదికి జారింది. అక్కడి నుంచి ఇంగ్లీషు చదువు మీదికి, చివరికి ఫీజు కట్టే ఏ బడి మీదికైనా పాకింది. ఒక మాట ఇంత దూరం నడిచిందంటే దాని వెనుక కొన్ని తరాల అనుభవం ఉండి తీరాలి. ఉత్తరాంధ్రలో ఆ అనుభవానికి మొదలు వెతికితే ఆల్ప్స్ కొండల్లోని ఆన్సీ అనే సరస్సు ఒడ్డు పట్టణం నుంచి వచ్చిన సెయింట్ జోసెఫ్ సభ (కథోలిక సన్యాసినుల సంఘం) సిస్టర్లు ముందు వరసలో కనిపిస్తారు. విచిత్రమేమిటంటే, గోడల మధ్య కూర్చోవడం ఇష్టం లేకనే పుట్టిన సభ అది.

ఆ ఇష్టం లేకపోవడానికి కారణం ఉంది. 1563లో ముగిసిన, కథోలిక చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ సన్యసించిన స్త్రీలకు మఠం గోడను తప్పనిసరి చేసింది. లోపల అడుగు పెట్టిన స్త్రీ మళ్లీ గడప దాటకూడదు. చూడవచ్చిన తల్లితోనైనా కటకటాల వెనుక నుంచే మాట్లాడాలి. జపతపాలతో జీవితం గడుపుకోవాలనుకున్నవారికి ఇందులో ఇబ్బంది లేదు. రోగి మంచం దగ్గరికి వెళ్లాలనుకున్న స్త్రీకి మాత్రం దారి మూసుకుపోయింది. 1610లో ఆ ఆన్సీలోనే ఫ్రాన్సిస్ డి సేల్స్, జేన్ డి షాంటల్ కలిసి ‘దర్శనం’ పేరుతో ఒక సభ పెట్టారు. గర్భవతి అయిన ఎలిజబెతమ్మను చూడటానికి మరియమ్మ కొండదారి పట్టి వెళ్లిన ఘట్టం ఆ పేరుకు ఆధారం. తొలి సభ్యులు ఊళ్లోని పేదల ఇళ్లకు, రోగుల ఇళ్లకు వెళ్లి వచ్చేవారు. పదేళ్లు నిండకుండానే పెద్దల ఒత్తిడి వచ్చింది, తలుపులు మూసుకున్నాయి. దర్శనం పేరుకే మిగిలింది.

నలభై ఏళ్ల తరువాత, 1650లో, దక్షిణ ఫ్రాన్సులో ల ప్వీ అనే పట్టణంలో జాన్ పియెర్ మెదాయ్ అనే జెస్విట్ (పురుషుల కథోలిక సభ) గురువు ఈ చిక్కుకు మరో దారి కనిపెట్టాడు. ఆయన చుట్టూ చేరిన స్త్రీలు ఆరుగురు. వారిలో ఫ్రాన్స్వాజ్ ఎరో అప్పటికే అనాథ బాలికల శరణాలయం చూసుకుంటోంది. వారు మఠకన్యలమని చెప్పుకోలేదు, కటకటాలు కట్టుకోలేదు. ఆ కాలపు వితంతువులు కట్టుకునే మామూలు నల్ల దుస్తులే కట్టుకున్నారు. వీధిలో వితంతువు నడిచి వెళితే ఎవరూ నిలదీయరు కదా. చట్టాన్ని ఎదిరించకుండా దాని పక్క నుంచి నడిచిపోవడంలో ఆడవాళ్ల చాకచక్యం ఎలా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది. స్థానిక బిషప్ హెన్రీ డి మోపా అండ ఉండటంతో పని సాగింది.

ల ప్వీ లేసు ఊరు. ఒళ్లో గట్టి దిండు, దిండు మీద నమూనా ప్రకారం గుచ్చిన గుండుసూదులు, వాటి చుట్టూ దారం చుట్టిన చిన్న చిన్న చెక్క కండెలు పదుల కొద్దీ వేలాడుతుంటాయి. లేసు అల్లే పిల్ల ఆ కండెలను జతలు జతలుగా అటూ ఇటూ దాటిస్తుంటే టకటకమని చప్పుడవుతుంది, పొద్దు గూకేసరికి జానెడు లేసు తేలుతుంది. దాని ధర నిర్ణయించేది వ్యాపారి. 1640 ప్రాంతంలో తూలూజ్ న్యాయస్థానం ఆడంబరం పేరుతో లేసు ధరించడాన్ని నిషేధిస్తే ఈ పిల్లల ఇళ్లలో పొయ్యి వెలగలేదు. ఆ ఉత్తర్వు రద్దు చేయించడానికి జాన్ ఫ్రాన్స్వా రెజీ అనే మరో జెస్విట్ తిరగని గడప లేదని అక్కడ నేటికీ చెప్పుకుంటారు. సెయింట్ జోసెఫ్ సిస్టర్లు పేద ఆడపిల్లలకు ఈ పని నేర్పారు, వ్యాపారి దయ మీద, వీధి దయ మీద ఆధారపడకుండా ఉండేందుకు. (మన నరసాపురం లేసు కూడా మిషనరీల చేతుల మీదుగానే వచ్చింది. కాకపోతే ఆ కథ ప్రొటెస్టెంట్లది, ఆ లేసు కండెలది కాదు, కొక్కెం సూదిది.)

తొలి నిబంధనల్లో ఒక పద్ధతి రాసుకున్నారు. పట్టణాన్ని పేటలుగా పంచుకోవాలి, ఒక్కో పేటలో ఏ ఇంట ఏ కష్టం ఉందో వెతికి తెలుసుకోవాలి, ఊళ్లోని ఇతర స్త్రీలను కూడగట్టి దాన్ని తీర్చాలి. బడి అని గానీ ఆసుపత్రి అని గానీ ముందే అనుకోలేదు. తిరగడం ముందు, ఏం చేయాలన్నది తరువాత. ఈ సభ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా పనికివచ్చే తాళంచెవి లేదు.

ఫ్రెంచి విప్లవం సభను చెల్లాచెదురు చేసింది. జైలు పాలైనవారిలో జాన్ ఫోంబోన్ ఒకరు. 1794లో విప్లవ నాయకుడు రోబెస్పియర్ పతనంతో గిలెటిన్ తప్పి బయటపడ్డారు. 1807లో ఆమె చుట్టూనే సభ తిరిగి మొలకెత్తింది. 1833లో ఆన్సీ శాఖ వేరు కుంపటి పెట్టుకుంది. కారణం ఆధ్యాత్మికం కాదు, సరిహద్దు. ఆన్సీ ఉన్న సావోయ్ అప్పట్లో సార్డీనియా రాజ్యంలోది, 1860లో గానీ ఫ్రాన్సులో కలవలేదు. కాబట్టి ఇక్కడికి వచ్చిన తొలి సిస్టర్లను ‘ఫ్రెంచి కన్యస్త్రీలు’ అనడం వాడుకే తప్ప ఖచ్చితమైన మాట కాదు.

ముందు వచ్చింది ఫాదర్లు. అదే ఆన్సీలో 1838లో పీటర్ మెర్మియె స్థాపించిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు 1846లో విశాఖపట్నంలో దిగారు. వారికి అప్పగించిన ప్రాంతం ఇటు గోదావరి తీరం నుంచి అటు నాగపూర్ దాకా, మధ్యలో ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ అడవులతో సహా. 1850లో ఇది విశాఖపట్నం వికారియేట్ (బిషప్ పాలనలోని మిషన్ ప్రాంతం) అయింది, నైరే తొలి బిషప్. పురుషులు ఇళ్లలోకి వెళ్లలేని సమాజంలో సగం జనాభాను ఎలా కలుసుకోవాలన్నది వారికి మొదటి ఏడాదే ఎదురైన ప్రశ్న. అందుకే ఆన్సీకి కబురు వెళ్లింది. 1849లో నలుగురు సిస్టర్లు యానాంలో అడుగు పెట్టారు. సూయజ్ కాలువ తవ్వడానికి ఇంకా పదేళ్లుంది. యానాం ఫ్రెంచి వారిది కావడం వల్ల భాష తెలిసిన రేవు దొరికింది. అక్కడి నుంచి పని విశాఖపట్నానికి, ఆ తరువాత లోపలి ఊళ్లకు సాగింది.

సరిగ్గా ఇక్కడే గోడ తిరిగి లేచింది. వీధుల్లో తిరగడానికి పుట్టిన సభ కోస్తాంధ్రలో ఎత్తయిన ప్రహరీలు, బోర్డింగులు, పెద్ద గేట్లు కట్టుకుంది. ఎందుకు? కంపెనీ దండు ఉన్న ఊళ్లలో ఐరిష్ కథోలిక సిపాయిల పిల్లలు, తండ్రి చనిపోయిన ఆంగ్లో ఇండియన్ పిల్లలు చేతికి వచ్చారు, వారికి ఉండటానికి చోటు కావాలి. కరవులు వచ్చాయి. 1866 నాటి కరవు ఒరిస్సాతో పాటు గంజాం జిల్లానూ పట్టి పీడించింది, నేటి శ్రీకాకుళం అప్పట్లో గంజాంలోనే ఉండేది. అనాథలకు వీధి చాలదు, కప్పు కావాలి. ఇక 1854 తరువాత మద్రాసు ప్రభుత్వం ప్రైవేటు బడులకు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. గ్రాంటు కావాలంటే తనిఖీ అధికారికి గదులు, హాజరుపట్టీ, పరీక్షా ఫలితాలు చూపాలి. ఇంటింటికీ తిరిగిన లెక్కకు ఏ ఖాతాలోనూ గడి లేదు. వీటన్నిటికీ తోడు ఈడొచ్చిన ఆడపిల్లను బయటికి పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోవాలంటే గోడ ఉండటమే పెద్ద భరోసా. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో స్త్రీని బంధించిన గోడ, పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు దేశంలో ఆడపిల్ల చదువుకు అనుమతి పత్రమైంది. విశాఖపట్నంలో 1958లో మొదలైన సెయింట్ జోసెఫ్ మహిళా కళాశాల దాకా ఈ తర్కమే నడిచింది. ఉత్తరాంధ్ర ఆడపిల్లలను డిగ్రీ దాకా చదివించడానికి వెనకాడిన ఎన్నో ఇళ్లు ‘సిస్టర్ల కాలేజీ’ అనగానే మెత్తబడ్డాయి.

విజయనగరం, శ్రీకాకుళం మాటకొస్తే కథోలికులది ఇక్కడ చిన్న పీట. బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు కెనడా బాప్టిస్టులు, సాలూరు, పార్వతీపురం వైపు జర్మన్ లూథరన్లు గట్టిగా పాతుకున్నారు. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా ‘ఆర్.సి.ఎం.’ (రోమన్ కథోలిక మిషన్) అని గోడ మీద రాసిన బడి, దాని పక్కన గుడి, వెనుక సిస్టర్ల ఇల్లు. 1936 దాకా ఒక జిల్లా గంజాంలో, ఇంకొకటి విశాఖలో ఉండటం, 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడటం వంటి మార్పుల మధ్య మిషన్ కేంద్రం మాత్రం విశాఖపట్నమే. 1993లో గానీ ఈ రెండు జిల్లాలకూ కలిపి శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్ పాలనా పరిధి) రాలేదు. ఆ తరువాత వేర్వేరు సభల సిస్టర్లు వచ్చారు. చీర రంగు, మెడలో సిలువ చూసి ఎవరు ఏ సభవారో విచారణ (స్థానిక చర్చి పరిధి)లోని పెద్దవాళ్లు చెప్పేస్తారు. మిగతావారికి అందరూ సిస్టరమ్మలే.

బడి గురించి అందరికీ తెలుసు కాబట్టి వైద్యం దగ్గర కాస్త ఆగాలి. ఆడవారి వైద్యానికి ఆడవారే కావలసిన దేశంలో, ఆడవారే ఉన్న సభలకు 1936 దాకా ప్రసూతి వైద్యం చేసే అధికారం లేదు. బ్రహ్మచర్య వ్రతం పట్టిన స్త్రీ కాన్పు చేయరాదన్నది అప్పటి చర్చి చట్టం. జ్వరానికి మందు ఇవ్వవచ్చు, పుండు కడగవచ్చు. నొప్పులు పడుతున్న తల్లిని మాత్రం ముట్టుకోకూడదు. ఆస్ట్రేలియాలో వైద్య పట్టా పొంది 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సభలో చేరిన డాక్టర్ మేరీ గ్లౌరీ పోపు ప్రత్యేక అనుమతితో వైద్యం చేయవలసి వచ్చింది. 1936లో రోము ఆ ఆంక్షను ఎత్తివేసింది. 1943లో మేరీ గ్లౌరీ చొరవతోనే దేశంలోని కథోలిక ఆసుపత్రుల సంఘం మొదలైంది. తెలుగు నేల మీద సిస్టర్లు నడిపే ‘కాన్పుల ఆసుపత్రి’ అనే మాటకు వయసు ఎంత తక్కువో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. మిషన్ వచ్చిన తొలి తొంభై ఏళ్లలో మంత్రసానిదే రాజ్యం.

1965లో రెండో వాటికన్ మహాసభ సన్యాస సభలన్నిటికీ ఒకే ఆదేశం ఇచ్చింది: మీ స్థాపకుల తొలి ఆలోచనకు తిరిగి వెళ్లండి. చాలా సభలు తమ తొలి ఆలోచన ఏమిటో పాత కాగితాలు తిరగేసి వెతుక్కున్నాయి. సెయింట్ జోసెఫ్ వారికి దొరికింది పేటలు పంచుకోవడం. దేశమంతటా ఆ తరువాతి దశాబ్దాల్లో ఇదే ధోరణి కనిపిస్తుంది. తెల్ల గౌను పోయి చీర వచ్చింది. ముప్పై మంది ఉండే పెద్ద మఠం నుంచి ముగ్గురు నలుగురు విడివడి పల్లెలో అద్దె ఇంట్లో ఉండటం మొదలైంది. శ్రీకాకుళం ఏజెన్సీ అప్పుడే సాయుధ పోరాటం చవిచూసి ఉంది. 1970ల్లో గిరిజనాభివృద్ధి సంస్థలు వచ్చి ప్రభుత్వం కొండెక్కుతున్న రోజులు. రోడ్డు ఆగిపోయిన చోట నుంచి అవతలికి వెళ్లేది ఎవరన్నదే ప్రశ్న.

అలాంటి చోట డిస్పెన్సరీ ఏ ఊళ్లోనైనా ఒకే తీరుగా ఉంటుంది. వసారాలో పొడవాటి బల్ల, గోడకు ఆనుకుని నిన్న రాత్రే కొండ దిగి వచ్చి పడుకున్నవారు. బల్ల మీద బి.పి. పట్టీ, మలేరియా పరీక్షకు గాజు పలకలు, దూది, ఒక పెద్ద రిజిస్టరు. పేరు, ఊరు, వయసు, బాధ అని నాలుగు గడులు. వయసు గడి దగ్గర ఎప్పుడూ ఆగుతుంది. ‘చింతపల్లిలో పెళ్లయిన ఏడు మా పెద్దోడు పుట్టాడు’ అంటే సిస్టరమ్మ వేళ్ల మీద లెక్కేసి నలభై అని రాసుకుంటుంది. బాధ గడి ఇంకా కష్టం. సవర తెగ ఆమె చెప్పే నొప్పికి సరిగ్గా సరిపడే తెలుగు మాట ఉండదు. అప్పుడు హాస్టల్లో చదువుతున్న ఏడో తరగతి పిల్లను కేకేస్తారు. ఆ పిల్ల అటు సవరలో అడిగి ఇటు తెలుగులో చెబుతుంది, మధ్యలో సిగ్గుపడి కొన్ని మింగేస్తుంది. శ్రీకాకుళం జిల్లా వాడే అయిన గిడుగు రామమూర్తి పంతులు సవరల దగ్గర కూర్చుని భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం రాశారు. ఆ తరువాత అక్కడ పని చేసిన బయటివారిలో, సిస్టర్లతో సహా, భాషకు అంత ఓపిక పెట్టినవారు అరుదు. ఇది చిన్న లోపం కాదు.

ఇక డబ్బు. ఆ డిస్పెన్సరీలో సూదికి పది ఇరవై తీసుకుంటే మందుల ఖర్చు కూడా రాదు. లోటు పూడ్చేది చాలాచోట్ల పట్టణంలోని ఇంగ్లీషు మీడియం బడి. విజయనగరంలో ఉద్యోగి కట్టే ఫీజు కొండ మీది మలేరియా మాత్రగా మారుతుంది. వినడానికి బాగుంటుంది కానీ దీనికి ఒక మూల్యం ఉంది. బడి మిగులు చూపాలంటే ఫీజు పెరగాలి, ఫలితాలు కావాలి, కార్పొరేట్ బడులతో పోటీ పడాలి. అలా పోటీ పడేకొద్దీ ఆ బడి పక్క వీధిలోని రిక్షా కార్మికుడి పిల్లకు దూరమవుతుంది. సభల లోపలి సమావేశాల్లో దీనిపై వాదోపవాదాలు దశాబ్దాలుగా ఉన్నవే. తేలిన పరిష్కారం లేదు. ఎయిడెడ్ బడులు ఒకప్పుడు ఈ బరువును కొంత మోశాయి. కొత్త నియామకాలు ఆగిపోయి, 2021లో ఎయిడెడ్ సంస్థలను ప్రభుత్వానికి అప్పగించాలా వద్దా అన్న రభస రేగాక ఆ దారీ సన్నబడింది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణ ఇంకో దెబ్బ. ఒక సంస్థ తెచ్చుకున్న విరాళాన్ని మరో సంస్థకు బదలాయించరాదు, పరిపాలన ఖర్చు 20 శాతం మించరాదు. కేంద్ర మఠం తెచ్చి చిన్న చిన్న పల్లె కేంద్రాలకు పంచే పాత పద్ధతి దాంతో ఆగింది. ఆ చట్టం ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నష్టం మాత్రం ముందుగా పడింది పెద్ద బడి మీద కాదు, వసారాలోని బల్ల మీద.

మతమార్పిడి మాట ఎత్తకుండా ఈ విషయం రాస్తే దాటవేసినట్టే అవుతుంది. సిస్టరమ్మ తన పనికి మూలం తన విశ్వాసమేనని దాచదు, దాచాల్సిన అవసరమూ లేదు. కానీ నూట డెబ్బై ఏళ్లకు పైబడిన బడులు, మందుల తరువాత ఈ రెండు జిల్లాల్లో క్రైస్తవుల సంఖ్య బహు స్వల్పం. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీదే 1.3 శాతం. ఆ బడుల్లో చదివినవారిలో అత్యధికులు పండగకు పైడితల్లమ్మ సిరిమాను చూడటానికి వెళ్లేవారే, అరసవల్లిలో మొక్కులు తీర్చుకునేవారే. చదువు, మందు చూపి మతంలోకి ఎర వేశారన్న వాదనకు ఈ లెక్క అడ్డు తగులుతుంది. అలాగే అంతా నిస్వార్థ సేవేనని ఒక్క ముక్కలో తేల్చేసేవారు, మతం మారిన దళితుడు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా పోగొట్టుకుని బీసీ-సీలో మిగలడం గురించి మాట్లాడరు. ఆ నష్టం మోసేది సిస్టరమ్మ కాదు, ఆ కుటుంబం.

సభల లోపల పెద్ద మార్పు మనుషుల్లో వచ్చింది. ఒకప్పుడు ఆన్సీ నుంచి ఇటు వచ్చేవారు. ఇప్పుడు ఐరోపా మఠాల్లో వృద్ధ సిస్టర్లే మిగిలితే, వారికి అన్నం పెట్టి మందులు వేసేవారిలో భారతీయులు ఉన్నారు. ఇక్కడ కూడా కొత్తగా చేరే ఆడపిల్లలు తగ్గారు. ఇంట్లో ఇద్దరే పిల్లలు, నర్సింగు చదివితే నేరుగా విదేశాల్లో ఉద్యోగం. ఒకప్పుడు చదువుకోవాలన్నా ఊరు దాటాలన్నా పేద పిల్లకు మఠం ఒక దారి. ఆ దారి ఇప్పుడు చాలా దారుల్లో ఒకటి.

పని కూడా చేతులు మారింది. కస్తూర్బా విద్యాలయాలు, గిరిజన గురుకులాలు బోర్డింగు పనిని తీసుకున్నాయి. 108 వచ్చింది. ఇంటింటికీ తిరగడమనే ల ప్వీ పద్ధతిని సైతం ప్రభుత్వమే అందిపుచ్చుకుంది. వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త, 2019లో వచ్చి ఆ తరువాత కనుమరుగైన యాభై ఇళ్లకు ఒక వాలంటీరు, ఇవి పేటలు పంచుకోవడం కాక మరేమిటి? ఆరుగురు స్త్రీలు 1650లో వేసుకున్న లెక్కను ఒక రాష్ట్రం చేతిలో చూడటం ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆశా చేతిలో ఉండేది జాబితా. జాబితాలో పేరున్న గర్భిణి, పేరున్న పసిబిడ్డ.

శ్రీకాకుళం తీరంలో ఎన్నో ఇళ్లలో ఏడాదిలో చాలా నెలలు మగదిక్కు ఉండదు. మగవారు గుజరాత్ వీరావల్ రేవులో పడవలెక్కుతారు. 2018 చివర్లో అలా వెళ్లి పాకిస్తాన్ జైల్లో చిక్కుకున్న మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఏడాదికి పైగా సాగిన ఆ కాలంలో వారి పిల్లలు ఎవరింట తిన్నారో ఏ జాబితాలోనూ లేదు. మెట్ట పల్లెల నుంచి భార్యాభర్తలిద్దరూ చెన్నై, హైదరాబాద్ భవనాల పనికి వెళితే ముసలమ్మ, ఇద్దరు మనవలు మిగులుతారు. కిడ్నీ జబ్బు పీడించే ఉద్దానంలో డయాలసిస్ రోజు తప్ప మిగతా రోజులు మంచంలో ఉండే మనిషికి 2023లో పలాసలో వచ్చిన ఆసుపత్రి ఎంత పెద్దదైనా, కాళ్ల వాపు చూసి ఉప్పు తగ్గించమని ఇంటికొచ్చి చెప్పేవారు వేరుగా కావాలి. టీబీ మాత్రలు మూడో నెలలో మానేసి చేపల వేటకు వెళ్లిపోయినవాడు రేవుకు తిరిగి వచ్చిన రోజు ఎవరో ఒకరు చూడాలి. సాయంత్రం నాలుగు దాటాక, బడి వదిలాక, ఇద్దరేసి సిస్టర్లు గొడుగు పట్టుకుని అలాంటి వీధుల్లోకి నడవడం ఈ జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. చేతిలో రిజిస్టరు ఉండదు. ముసలమ్మ అరుగు మీద కూర్చోబెట్టి, మనవడి ఫోను నంబరు ఉన్న చీటీ తీసి, వాడికి ఒకసారి కలపమని ఇస్తుంది.